అయిదు గళ్ళ ఇంగ్లీషు

తలను తోకగా మార్చాలి. మంత్రాలేమీ అక్కర్లేదు, ఇంగ్లీషు వస్తే చాలు. హెడ్ అనే నాలుగక్షరాల మాటలో ఒక్కోసారి ఒక్కో అక్షరమే మార్చాలి. మార్చినప్పుడల్లా నిఘంటువులో ఉన్న మాటే రావాలి. హెడ్, హీల్, టీల్, టెల్, టాల్, టెయిల్. అయిదు అంగల్లో తల కాస్తా తోకైంది!

1877 క్రిస్మస్ సెలవుల్లో, పొద్దుపోక కూర్చున్న ఇద్దరు అమ్మాయిల కోసం లూయీ కారల్ కల్పించిన ఆట ఇది. ఆలిస్ కథలు రాసిన ఈయన ఆక్స్‌ఫర్డులో లెక్కల మాస్టారు. 1879 మార్చిలో లండన్ పత్రిక ‘వానిటీ ఫెయిర్’ దీన్ని ‘డబ్లెట్స్’ పేరుతో వేసింది. హెడ్‌లో ‘ఎ’ అని పలికిన రెండచ్చుల జంటే హీల్‌లోకి వచ్చేసరికి ‘ఈ’ అంటుంది. చెవికి మాట సగం మారిపోయింది, కంటికి మాత్రం చివరి డి పోయి ఎల్ వచ్చిందంతే. ఇది పూర్తిగా కంటితో ఆడే ఆట.

మన లిపిలో దీన్ని ఆడి చూడండి, ఎక్కడ చిక్కుపడుతుందో తెలుస్తుంది. పల్లిని పిల్లి చేస్తే మారింది ఒక గుడే, కానీ గడిలో ఉన్న ‘ప’ మొత్తం పోయి ‘పి’ వచ్చింది. మరి ఆ రెండు మాటలకీ మొదటి అక్షరం కలిసినట్టా, కలవనట్టా? మన గళ్ళ నుడికట్టు ఈ తగువులోకి దిగకుండా, ‘స్త్రీ’ అంతటిదాన్ని కూడా ఒకే గడిలో కూర్చోబెట్టేసింది. ఇంగ్లీషుకు ఆ బాధ లేదు. ఇరవై ఆరు అక్షరాలు, దేని గడి దానిది.

ఆ గళ్ళు 1913 డిసెంబర్ 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలోకి ఎక్కాయి. కూర్చినవాడు ఆర్థర్ విన్. పదేళ్ళు తిరిగేసరికి అమెరికాకు గళ్ళ పిచ్చి పట్టింది. 1924లో ‘న్యూయార్క్ టైమ్స్’ ఈ వ్యసనాన్ని పాపిష్టి కాలహరణమని తిట్టిపోసింది. 1942లో అదే పత్రిక తన గళ్ళు తానే మొదలుపెట్టింది.

నా మట్టుకు ఈ వరసలో అసలైన పనివాడు ఆల్‌ఫ్రెడ్ బట్స్. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆర్కిటెక్టు. ‘న్యూయార్క్ టైమ్స్’ పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. తర్వాత స్క్రాబుల్‌గా పేరు పడ్డ ఆటకు ఆ లెక్కే పునాది. వంద బిళ్ళల్లో ‘ఇ’కి పన్నెండు, అరుదైన క్యు, జెడ్‌లకు చెరొకటి, వాటికి చెరి పది మార్కులు. ఎస్ విషయంలో మాత్రం లెక్కను కావాలనే పక్కన పెట్టి నాలుగే ఇచ్చాడు. లేకపోతే ప్రతివాడూ బహువచనం తగిలించి గెలిచేస్తాడు. అక్షరాలను అంత దగ్గరగా చూసినవాడికే తట్టే జాగ్రత్త అది.

మాటకు అయిదక్షరాలన్న కొలత 1955లో వచ్చిన జాటో అనే ఆటతో బాగా స్థిరపడింది. ఎదుటివాడు మనసులో అనుకున్న మాటను ఊహించాలి. మీ మాటలో ఎన్ని అక్షరాలు కలిశాయో చెబుతాడు, ఏవి కలిశాయో చెప్పడు. 1987లో వచ్చిన టీవీ ఆట లింగో ఆ గుట్టు విప్పింది. అక్షరం తన చోటే ఉంటే ఒక గుర్తు, చోటు తప్పితే వేరే గుర్తు.

ఈలోగా కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ కారల్ ఆటను లెక్కల్లోకి లాక్కెళ్ళాడు. 5,757 అయిదక్షరాల మాటలు పోగేసి, ఒక్క అక్షరం తేడా ఉన్నవాటి మధ్య గీతలు గీశాడు. 671 మాటలకు చుట్టమే దొరకలేదు. అలా మిగిలిపోయినవాటిలో ‘ఎలూఫ్’ ఒకటి. ఎవరితోనూ కలవకుండా ఎడంగా ఉండేదని దానర్థం. ఆ ఒంటరి మాటలన్నిటికీ ఆయన ఆ పేరే పెట్టాడు!

నూత్ పోగేసింది కంప్యూటర్ కోసం. జాష్ వార్డల్ తన సహచరి పాలక్ షా కోసం వర్డుల్ అనే ఆట తయారుచేశాడు. అయిదు గళ్ళు, ఆరు ప్రయత్నాలు, రోజుకు ఒక్క మాట. ఇంగ్లీషులో ఉన్న పన్నెండు వేల పైచిలుకు అయిదక్షరాల మాటల్ని ఆమె ఒక్కొక్కటే చూసి, తనకు తెలిసినవాటిని ఏరితే రెండున్నర వేలు మిగిలాయి. 2021 నవంబర్ 1న ఆడినవారు 90 మంది, రెండు నెలలకు మూడు లక్షలు. 2022 జనవరి 31న ‘న్యూయార్క్ టైమ్స్’ దాన్ని కొనేసింది. గళ్ళను తిట్టిన పత్రికే!

ఎవరి జాబితా అన్న పేచీ అప్పటికే మొదలైంది. ఆ జనవరిలోనే ఒకరోజు జవాబు ఫేవర్. బ్రిటిష్ వర్ణక్రమం నేర్చినవారికి ఆ మాటలో యు కలుపుకుని ఆరక్షరాలు. మన బళ్ళలో చెప్పిందీ అదే కనుక, అది అయిదు గళ్ళలో పడుతుందని తోచను కూడా తోచదు. మే 5న హోమర్ వచ్చింది. గ్రీకు కవి అనుకుంటే పొరపాటు, అమెరికా బేస్‌బాల్‌లో హోమ్ రన్‌కు వాడుకపేరు. క్రికెట్ చూసే దేశాల వాళ్ళు నిఘంటువు మీద పడ్డారు. మే మొదటి వారంలో కేంబ్రిడ్జి నిఘంటువు సైటులో ఆ ఒక్క మాటను దాదాపు 75,000 సార్లు వెతికారు. 2022కు ఆ నిఘంటువు ప్రకటించిన ‘ఈ ఏటి మాట’ అదే.