సముద్రం అడుగున లంకెబిందెలు

వీధిలో ఎవరైనా పాత పెంకుటిల్లు పడగొట్టి కొత్త ఇల్లు మొదలుపెట్టారంటే చాలు, ఇరుగుపొరుగు అమ్మలక్కలకి ఒకటే ఆరాటం. "ఏమండీ, పునాదుల్లో ఏమైనా దొరికిందా?" అని. దొరికేది ఏ పగిలిన కుండో, తుప్పుపట్టిన గునపమో. అయినా సరే, లంకెబిందెల మాట వినగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆ బిందెలు భూమిలో కాక సముద్రం అడుగున ఉంటే? వాటికోసం కంపెనీలూ, ప్రభుత్వాలూ కోర్టులకెక్కితే? దక్షిణ అమెరికా తీరాన సరిగ్గా అదే జరిగింది. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామనుకుంటున్నాను.

కథ అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ళు దక్షిణ అమెరికాలో చాలా భాగం ఆక్రమించుకున్నారు. 1545లో, ఇప్పటి బొలీవియాలో ఉన్న పొటోసీ అనే చోట, ఒక కొండ నిండా వెండి ఉందని బయటపడింది. ఆ వెండిని కడ్డీలుగా, నాణేలుగా చేసి పసిఫిక్ తీరం వెంబడి పనామాకి తెచ్చేవారు. అక్కడ కంచరగాడిదల మీద కెక్కించి, సన్నటి నడుములాంటి ఆ నేల దాటించి, అవతలి ఒడ్డున ఉన్న పోర్టోబెలో రేవుకి చేర్చేవారు. అక్కణ్ణించి మళ్ళీ ఓడల్లో స్పెయిన్‌కి ప్రయాణం.

దారిపొడుగునా అంత సొమ్ము వెళ్తూ ఉంటే దొంగల కన్ను పడకుండా ఉంటుందా? 1579లో ఫ్రాన్సిస్ డ్రేక్ అనే ఆంగ్లేయుడు ఈక్వడార్ తీరంలో ఒక స్పెయిన్ ఓడని పట్టుకున్నాడు. 26 టన్నుల వెండి, 80 పౌన్ల బంగారం దొరికాయి. బరువెక్కువై అందులో కొంత వెండిని అక్కడి ఒక దీవి దగ్గర నీళ్ళలో పారబోశాడని ఒక కథ పుట్టింది. ఆ దీవిని ఈనాటికీ స్పానిష్ భాషలో వెండిదీవి అనే అంటారు. కథ నమ్మి అక్కడ వెతికినవాళ్ళూ ఉన్నారు. ఇక డ్రేక్ మాటంటారా, ఇంగ్లండు రాణి అతనికి 1581లో 'సర్' బిరుదు ఇచ్చింది. స్పెయిన్‌వాళ్ళకి అతను గజదొంగ, తనవాళ్ళకి మహావీరుడు! రాజుగారి అండ ఉంటే దోపిడీకి పేరే మారిపోతుందన్నమాట.

మనం చెప్పుకోబోయే ఓడ కూడా అలాంటి బిరుదుగల దోపిడీలోనే మునిగింది. దాని పేరు సాన్ హోసే. 60కి పైగా ఫిరంగులున్న పెద్ద యుద్ధనౌక. 1708లో స్పెయిన్‌కీ, ఇంగ్లండుకీ యుద్ధం జరుగుతోంది. సాన్ హోసే పోర్టోబెలోలో వెండీ, బంగారమూ నింపుకుని, వెంట మరికొన్ని ఓడలతో, ఇప్పటి కొలంబియాలో ఉన్న కార్టహేనా నగరానికి బయలుదేరింది. "ఆంగ్లేయుల ఓడలు కాచుకుని ఉన్నాయి, జాగ్రత్త" అని కార్టహేనా గవర్నరు కబురు పంపనే పంపాడు. అయినా బయలుదేరారు. జూన్ 8వ తేదీ సాయంత్రం, కార్టహేనా ఇంకొద్ది దూరంలో ఉండగా, చార్లెస్ వేజర్ అనే ఆంగ్లేయ నౌకాధిపతి ఎదురుపడ్డాడు. అతనికి కావలసింది ఓడని ముంచడం కాదు, సొమ్ముతో సహా పట్టుకోవడం. కాని పోరు మధ్యలో సాన్ హోసే పేలిపోయింది. ఆ పేలుడు సెగ తన ఓడదాకా వచ్చిందని వేజరే వ్రాశాడు. చూస్తుండగానే ఓడ నీళ్ళలో కలిసిపోయింది.

ఓడలో దాదాపు 600 మంది ఉన్నారు. బ్రతికి బయటపడ్డవాళ్ళు పట్టుమని ఇరవైమంది కూడా లేరు. నిధి కథలు చెప్పేటప్పుడు ఈ లెక్క ఎవరూ గట్టిగా చెప్పరు. బంగారం విలువ ఎన్ని వేల కోట్లో మాత్రం పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వేస్తారు.

ఆ తరువాత ఆ ఓడ కథల్లోకి ఎక్కింది. కొలంబియా రచయిత గార్సియా మార్కెస్ 1985లో అచ్చయిన తన 'కలరా కాలంలో ప్రేమ' నవలలో దీన్ని వాడుకున్నాడు. అందులో కథానాయకుడు ప్రియురాలికోసం ఈ నిధిని పైకి తీయించాలని చూస్తాడు. ఈతగాడైన ఒక కుర్రాడు నగలు తెచ్చి చూపిస్తే మురిసిపోతాడు. వాళ్ళమ్మ ఆ బంగారాన్ని పంట కొరికి, రాళ్ళని చూసి, గాజుపెంకులని ఇట్టే తేల్చేస్తుంది. కొడుకు ఏళ్ళతరబడి కన్న కల తల్లి పంటికింద తేలిపోయింది. మన ఇళ్ళలో కూడా అంతే కదండీ, బంగారం సంగతి ఆడవాళ్ళ దగ్గరా దాచగలిగేది?

ఇక నిజంగా వెతికినవాళ్ళ సంగతి. 1980 ప్రాంతంలో ఒక అమెరికన్ కంపెనీ కొలంబియా ప్రభుత్వం అనుమతి తీసుకుని వెతికింది. ఓడ ఉన్న చోటు కనిపెట్టామని 1982లో ప్రకటించింది. అంతే, పెట్టె తెరవకముందే వాటాల తగువు మొదలైంది. కనిపెట్టినవాళ్ళకి నూటికి అయిదు వంతులు చాలని 1984లో ప్రభుత్వం చట్టం మార్చింది. కంపెనీ కోర్టుకెక్కింది. చారిత్రక సంపద కానిదాంట్లో చెరిసగం అని 2007లో కొలంబియా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అసలు ఓడ ఆ కంపెనీ చెప్పిన చోట లేనేలేదని ప్రభుత్వం వాదన.

చివరికి 2015 నవంబరులో ఓడ కనిపించింది. మనుషులు దిగగల లోతు కాదది, సుమారు 2,000 అడుగులు. మనిషి లేకుండా తనంతట తాను తిరిగే ఒక యంత్రాన్ని దింపారు. అది శబ్దతరంగాలతో అడుగుభాగమంతా గాలించి, ఆ తరువాత ఓడకి 30 అడుగుల పైదాకా వెళ్ళి ఫోటోలు తీసింది. ఆ ఫోటోల్లో కంచు ఫిరంగుల మీద చెక్కిన డాల్ఫిన్ చేపల బొమ్మలు కనిపించాయి. సాన్ హోసే ఫిరంగులకి ఆ గుర్తు ఉన్నది. మనం చెంబుల మీద పేర్లు కొట్టించుకుంటామే, అలాంటి గుర్తే ఓడని పట్టిచ్చింది!

తగువు మాత్రం పెద్దదైంది. మా సముద్రంలో ఉంది కనుక మాది అంటుంది కొలంబియా. మా రాజుగారి యుద్ధనౌక, మావాళ్ళ సమాధి అంటుంది స్పెయిన్. మేము ముందే కనిపెట్టామంటుంది కంపెనీ. ఇంతమంది మధ్య నాలుగో గొంతు ఒకటి వినిపించింది. బొలీవియాలోని కారా కారా అనే ఆదివాసులది. "ఆ వెండి మా కొండది, తవ్వింది మా పెద్దలు" అన్నారు వాళ్ళు.

ఆ మాట వెనక పెద్ద చరిత్ర ఉంది. పొటోసీ గనుల కోసం స్పెయిన్ పాలకులు 1573 నుంచి ఒక వెట్టి పద్ధతి పెట్టారు. చుట్టుపక్కల మండలాల్లో ప్రతి ఏడుగురు మగవాళ్ళలో ఒకరు ఏడాదిపాటు గనికి వెళ్ళి తీరాలి. వెంట పెళ్ళాం పిల్లలూ, లామాల మీద తిండిగింజలూ వేసుకుని కొండలెక్కి వెళ్ళేవారు. ఆ ఊరు 13,000 అడుగుల ఎత్తున ఉంది. మగవాడు గనిలోకి దిగితే, ఆడది సంతలో ముడిఖనిజమో, కోకా ఆకో అమ్మి పొయ్యి వెలిగించేది. 200 ఏళ్ళకి పైగా సాగిన పద్ధతి ఇది. సముద్రం అడుగున మెరిసే నాణెంలో ఆ ఇల్లాలి కన్నీళ్ళు కూడా కలిసే ఉన్నాయి.

ఇదంతా ఎక్కడో దూరదేశపు గొడవ అనుకోకండి. ఆ రోజుల్లో డచ్చివాళ్ళూ, ఆంగ్లేయులూ మన మచిలీపట్నం రేవులో అద్దకం గుడ్డలు కొన్నప్పుడు చెల్లించిన వెండిలో స్పెయిన్ నాణేలు కూడా ఉండేవి. ఆ కొండ వెండి ప్రపంచమంతా తిరిగి మన నేతగాళ్ళ ఊళ్ళదాకా వచ్చింది.

కొలంబియా ప్రభుత్వం 2024లో ఆ చోటుని రక్షిత పురావస్తు ప్రాంతంగా ప్రకటించింది. అమ్ముకోవడానికి కాదు, తెలుసుకోవడానికి తీస్తామన్నది. పైకి తీయడం కూడా తేలిక కాదు. మూడు వందల ఏళ్ళు ఉప్పునీళ్ళలో నానిన వస్తువుని అలా ఆరబెడితే పాడైపోతుంది. ఉప్పుచేపని వండేముందు నానబెట్టినట్లు, ఓపిగ్గా దాని ఉప్పు వదలగొట్టాలి. 2025 నవంబరులో మొదటిసారి కొన్ని వస్తువులు పైకి వచ్చాయి. బంగారు పెట్టెలు కావు. ఒక ఫిరంగి, మూడు నాణేలు, ఒక పింగాణీ కప్పు.

నాకు మాత్రం ఆ కప్పు మీదే మనసు పోయింది. అంతకుముందు ఫోటోల్లో కూడా ఓడ పక్కన చైనా పింగాణీ గిన్నెలు పగలకుండా అలాగే పడి ఉండడం కనిపించింది. అంత ఫిరంగి ఓడ తునాతునకలైపోయినా కప్పు మిగిలింది! మన చేతిలోంచి జారితే గచ్చుమీద వెయ్యి ముక్కలయ్యే వస్తువు. జూన్ 8వ తేదీ పొద్దున ఎవరో అలాంటి కప్పు కడిగి బోర్లించే ఉంటారు, సాయంత్రానికి కార్టహేనా చేరిపోతామనుకుంటూ. ఆ ఎవరో పేరు ఏ కోర్టు కాగితాల్లోనూ లేదు.