కొత్త ఆఫీస్ కొనాలా? పాతదాంతోనే నెట్టుకురావచ్చా?

ఆఫీస్ 2016, ఆఫీస్ 2019 వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 10కూ అదే చివరి రోజు. మర్నాడు కంప్యూటర్ ఆన్ చేసినవారికి తేడా ఏమీ కనిపించలేదు. వర్డ్ తెరుచుకుంది, ఎక్సెల్ లెక్కలు కట్టింది, ప్రింట్లు వచ్చాయి. నడుస్తున్నదాన్ని డబ్బు పెట్టి ఎందుకు మార్చాలన్న ప్రశ్న చిన్న ఆఫీసుల్లో వచ్చేది అందుకే.

ఆ ప్రశ్నకు జవాబు కొత్త ఫీచర్ల జాబితాలో దొరకదు. పాత ఈక్వేషన్ ఎడిటర్ కథలో దొరుకుతుంది.

వర్డ్‌లో గణిత సమీకరణాలు రాయడానికి ఈ చిన్న ప్రోగ్రామ్ ఉండేది. 2000 నాటి ఈ ప్రోగ్రామ్‌లో ఒక తీవ్రమైన లోపం 2017లో బయటపడింది. దాడికోసం తయారు చేసిన డాక్యుమెంట్‌ను తెరిస్తే చాలు, మాక్రోలకు అనుమతి ఇవ్వకపోయినా హ్యాకర్ల కోడ్ నడిచేది. మైక్రోసాఫ్ట్ ఆ నవంబరులోనే అప్‌డేట్ ఇచ్చి, 2018 జనవరిలో ఏకంగా ఆ ఎడిటర్‌నే తొలగించింది. అయినా తర్వాత కొన్నేళ్లపాటు హ్యాకర్లు అదే లోపాన్ని వాడుకున్నారు. అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లు అన్ని మిగిలి ఉన్నాయి మరి. సపోర్ట్ ఆగిపోయిన వెర్షన్‌లో రేపు ఇలాంటిదే బయటపడితే, అప్‌డేట్ వస్తుందన్న హామీ ఉండదు. ఇన్‌వాయిస్‌లు, రెజ్యూమెలు, టెండర్ కాగితాలు మెయిల్‌లో వచ్చే ఏ కంప్యూటర్‌కైనా ఈ ముప్పు ఉంటుంది. నెట్‌కు కలపకుండా, బయటి ఫైళ్లు తెరవకుండా వాడే కంప్యూటర్‌లో పాతది ఉంచుకోవచ్చు. అయితే పెన్‌డ్రైవ్‌లో వచ్చేది కూడా బయటి ఫైలే.

గడువు కొన్న రోజు నుంచి కాదు

ఒకసారి కొంటే చాలనుకునే ఆఫీస్‌కు ఆయుష్షు తగ్గుతూ వస్తోంది. 2016 వెర్షన్‌కు సుమారు పదేళ్ల సపోర్ట్ దొరికింది. 2019కి ఏడేళ్లే. 2021కి, 2024కి అయిదేసి ఏళ్లు. ఆఫీస్ 2021 గడువు 2026 అక్టోబరు 13. ఆఫీస్ 2024 గడువు 2029 అక్టోబరు 9. ఇది విడుదల తేదీ నుంచి లెక్క, మనం కొన్న తేదీ నుంచి కాదు. అందువల్ల తక్కువ ధరకు వస్తోందని ఇప్పుడు 2021 లైసెన్స్ కొనడం దండగ. 2024ను కూడా ఆలస్యంగా కొన్నకొద్దీ ఏడాదికి పడే ఖర్చు పెరుగుతుంది. పైగా ఒక లైసెన్స్ ఒక కంప్యూటర్‌కే. హోమ్ ఎడిషన్‌లో ఔట్‌లుక్ ఉండదు. తర్వాతి వెర్షన్ వస్తే మళ్లీ పూర్తి ధర పెట్టాల్సిందే.

చందా కట్టే మైక్రోసాఫ్ట్ 365లో ఈ గడువుల బెడద లేదు. కానీ చందా ఆపితే ఫైళ్లు తెరిచి చూడవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, మార్పులు మాత్రం చేయలేం.

ఇంకో ఖర్చు చాలామంది లెక్కలోకి రాదు. ఆఫీస్ 2024 విండోస్ 10లోనూ పనిచేస్తుంది. అయితే కింద ఉన్న విండోస్‌కే భద్రతా అప్‌డేట్లు రానప్పుడు, పైన కొత్త ఆఫీస్ వేయడం సగం పనే. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది ఉండాలి. అంటే సాఫ్ట్‌వేర్ ఖర్చు అనుకుని మొదలుపెట్టింది కంప్యూటర్ ఖర్చుగా తేలవచ్చు.

ఫీచర్లు ఎవరికి?

ఉత్తరాలు, నోటీసులు టైప్ చేసేవారికి వర్డ్ 2016కూ 2024కూ పెద్ద తేడా తెలియదు. ఎక్సెల్ సంగతి వేరు. వీలుకప్‌తో కుస్తీ పట్టేవారికి 2021లో వచ్చిన ఎక్స్‌లుకప్, ఫిల్టర్, యూనిక్ ఫంక్షన్లు నిజంగా సమయం ఆదా చేస్తాయి. చిక్కల్లా ఆఫీసులో ఒకరిద్దరే కొత్తదానికి మారినప్పుడు వస్తుంది. ఎక్స్‌లుకప్ వాడిన ఫైల్‌ను 2016లో తెరిస్తే ముందు పాత ఫలితం సరిగానే కనిపిస్తుంది. మళ్లీ లెక్క కట్టగానే ఆ గడిలో నేమ్ ఎర్రర్ వస్తుంది. ఫైళ్లు పంచుకునేవారంతా కలిసి మారడం మంచిది.

పాత ఫార్మాట్‌ను వదలకపోతే ఏమవుతుందో 2020లో ఇంగ్లండ్‌లో తెలిసింది. కోవిడ్ పరీక్షల ఫలితాలను ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలోకి ఎక్కించారు. ఆ ఫార్మాట్‌లో ఒక షీట్‌కు 65,536 వరుసలే పడతాయి. 2007లో వచ్చిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో 10,48,576 పడతాయి. దాంతో 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు, వారి కాంటాక్టులను వెతకడమూ ఆలస్యమైంది.

కొత్త వెర్షన్‌లో పోయేవీ ఉంటాయి. ఆఫీస్ 2024లో పబ్లిషర్ లేదు. యాక్టివ్‌ఎక్స్ బటన్లు మనం సెట్టింగ్ మార్చేదాకా పనిచేయవు. 32 బిట్‌కు రాసిన యాడ్-ఇన్‌లు 64 బిట్ ఆఫీస్‌లో లోడ్ కావు. అందుకే ఒక్క కంప్యూటర్‌లో ముందు వేసి చూడాలి. పరీక్షకు తేలికైన ఫైళ్లు పనికిరావు. ఎవరో ఉద్యోగి ఎప్పుడో రాసిపెట్టి వెళ్లిపోయిన మాక్రోల ఫైల్, ఇప్పుడు అందరూ ముట్టుకోవడానికి భయపడేది, దాన్నే ముందు తెరవాలి.

తెలుగు డాక్యుమెంట్లకు మరో పరీక్ష ఉంది. యూనికోడ్‌లో టైప్ చేసినవాటికి ఇబ్బంది లేదు. డీటీపీ రోజుల నాటి యూనికోడ్ కాని ఫాంట్లలో ఉన్నవాటిని ఏ కొత్త వెర్షనూ దానంతటదే మార్చదు. ఆ ఫాంట్ కొత్త కంప్యూటర్‌లో లేకపోతే తెలుగు బదులు పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. పాత కంప్యూటర్‌ను వదిలించుకునే ముందే ఫాంట్లను దాచుకోవాలి. మళ్లీ మళ్లీ వాడే ఫైళ్లనైనా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

అసలు డబ్బే పెట్టకుండా లిబ్రేఆఫీస్‌కు మారవచ్చు. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడివడిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ డాక్స్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైళ్లను తెరుస్తుంది, యూనికోడ్ తెలుగును సరిగా చూపిస్తుంది. చిక్కు పేజీ అమరికలో, ఎక్సెల్ మాక్రోలలో వస్తుంది. దీన్ని పాత ఆఫీస్ పక్కనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఒక నెల అందరూ లిబ్రేఆఫీస్‌లో పనిచేసి, ఎవరు ఏ ఫైల్ కోసం ఎన్నిసార్లు మళ్లీ వర్డ్‌కో ఎక్సెల్‌కో వెళ్లాల్సి వచ్చిందో రాసిపెట్టుకుంటే, పది లైసెన్సులు కొనాలా, రెండు సరిపోతాయా అన్నది తేలిపోతుంది.