మంచె ఎక్కడ వేయాలి? ఖురం మడ అడవి మీద ఉపగ్రహ చిత్రం చెప్పగలిగినంత

అమెరికాలో తెల్లతోక దుప్పిని వేటాడేవాళ్లు చెట్టుకి మంచె కట్టే ముందు ఆ నేల విమాన ఛాయాచిత్రాన్నీ, కాంటూరు పటాన్నీ ముందేసుకుని కూర్చుంటారు. రెండు గుట్టల మధ్య పల్లం, అడవి పలచబడి పొలంలో కలిసే అంచు, వాగు దాటడానికి వీలున్న ఒకే ఒక్క రేవు. ఇలాంటి చోట్ల జంతువు నడక ఇరుకవుతుంది కాబట్టి అక్కడ కాపు కాస్తే కనబడుతుందని వాళ్ల లెక్క. లెక్కలో తర్కం ఉంది. ఆ తర్కానికి రుజువు ఎంత ఉంది, తుపాకీ పట్టకుండా కేవలం చూసి లెక్కపెట్టుకునేవాళ్లకి ఒమన్ రాజధాని మస్కట్‌లోని ఖురం లాంటి చోట అది ఎంత అక్కరకొస్తుంది అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

ముందే ఒక మాట. ఏటా కొమ్ములు రాల్చి మళ్లీ మొలిపించుకునే అసలు జింక జాతి ఒమన్‌లో సహజంగా లేదు. ఉన్నవి గజెల్‌లు, కొండల్లో తహర్, ఎడారిలో ఓరిక్స్. ఖురంలో అవీ లేవు. సముద్రానికీ నగర రోడ్లకీ మధ్య ఇరుక్కున్న మడ అడవి ఉంది. 1975లో దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2013లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరి, ఒమన్ తరఫున ఆ గుర్తింపు పొందిన మొదటి చిత్తడి నేల అయింది. విస్తీర్ణం సుమారు 107 హెక్టార్లు. కాకినాడ పక్కనున్న కోరింగ అభయారణ్యం 235.7 చదరపు కిలోమీటర్లు, అంటే ఖురం లాంటివి దాదాపు 220 పడతాయి. కోరింగలో మడజాతులు కలగలిసి పెరుగుతాయి. ఖురంలో ఉన్నది ఒక్కటే, మనవాళ్లు తెల్లమడ అనే అవిసీనియా మరీనా. ఒమన్ తీరమంతటా సహజంగా పెరిగే మడ ఇదొక్కటే. 2003లో వచ్చిన ప్రకృతి రక్షిత ప్రాంతాలు, వన్యప్రాణుల సంరక్షణ చట్టం కింద వేట నేరం. కాబట్టి ఇక్కడ మంచె అంటే పక్షుల్ని చూసే తావు: రీఫ్ కొంగ, నారాయణ పక్షి, బురదలో ముక్కు గుచ్చుతూ తిరిగే ఉల్లంకులు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట మస్కట్‌లో కరెంటు తీగల మీదే కనిపిస్తుంది, దాని కోసం మంచె అక్కర్లేదు.

వేటగాళ్ల అనుభవాన్ని కొట్టిపారేయలేం. అయితే సాక్ష్యంగా తీసుకోవడానికి ఒక చిక్కుంది. పటం చూసి మంచిదనుకున్న చోటే మంచె కడతారు, అక్కడే గంటల తరబడి కూర్చుంటారు, జంతువు కనిపిస్తే పటం గెలిచిందంటారు. పటం వద్దన్న చోట అన్నే గంటలు ఎవరూ కూర్చోరు. పోల్చడానికి రెండో పళ్లెం లేని త్రాసు అది. ఇంకో సంగతి, దక్షిణ కెరొలినాలో ఆడ దుప్పులకి జీపీఎస్ పట్టీలు కట్టి చేసిన అధ్యయనంలో, వేటగాడు కూర్చుని వెళ్లిన మంచె చుట్టుపక్కలకి అవి ఆ తర్వాత కొన్నాళ్లపాటు రావడం తగ్గించాయని తేలింది. దీన్నిబట్టి మంచి చోటు అన్నది నేలకి శాశ్వతంగా అంటుకుని ఉండే గుణం కాదు. మనం ఎన్నిసార్లు వెళ్లామన్నదాన్ని బట్టి అది అరిగిపోతుంది. ఏ పటంలోనూ ఆ అరుగుదల కనబడదు.

మన పులుల గణన పద్ధతి ఈ చిక్కుని సగం విప్పింది. 2018-19 అఖిల భారత గణనలో 26,838 చోట్ల కెమెరా ట్రాపులు పెట్టారు. ముందు అడవి పటాన్ని రెండేసి చదరపు కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టారు. గడి ఎక్కడన్నది పటం చెప్పింది. గడి లోపల కెమెరా కట్టే చెట్టేదో పాదముద్రలు, పేడ, గీరిన గుర్తులు చూసుకుంటూ నడిచినవాళ్లు చెప్పారు. పటం పనికీ కాళ్ల పనికీ మధ్య గీత అక్కడ స్పష్టంగా ఉంది. నల్లమలలో అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అడవుల్లో సిబ్బంది చేసిందీ ఇదే. నల్లమల మరో పాఠం కూడా నేర్పుతుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు ఎండిపోయే వాగుల్ని నల్లగీతతో, నీళ్లు నిలిచే తావుల్ని నీలంతో చూపుతుంది, ఆ మేరకు నిజాయితీ గల పటమే. కాని ఎండాకాలంలో చుక్కల దుప్పులు, కణుతులు వచ్చి తాగేది అటవీశాఖ ట్యాంకరుతో నింపే సాసర్‌పిట్‌లో. నాలుగు బారలు కూడా లేని ఆ సిమెంటు పళ్లెం 1:50,000 పటంలో చుక్కగా కూడా పడదు. ఆ కాలంలో జంతువు కదలికని శాసించేది మాత్రం అదే.

ఇక ఖురానికి వద్దాం. ఇక్కడ నీటి సమస్య తలకిందులు. నీళ్లు రోజుకి రెండుసార్లు వస్తాయి, రెండుసార్లు పోతాయి. ఉల్లంకులు మేసేది పాటు తీసినప్పుడు బయటపడే బురద మీద. పోటు వేళ ఆ బురద ఉండదు, పక్షులు గట్టు మీదో మడ కొమ్మల మీదో ముడుచుకుని కూర్చుంటాయి. ఒకే మంచె రెండింటికీ పనికిరాదు. ఉపగ్రహ చిత్రం చూసి బురద ఎక్కడుందో గుర్తిద్దామంటే, ఆ చిత్రం తీసిన క్షణాన నీళ్లు ఏ మట్టంలో ఉన్నాయో ముందు తెలియాలి. కంప్యూటర్ తెర మీద అతుకులు కనబడకుండా పరిచిన చిత్రంలో ఒక ముక్క ఒక తేదీది, పక్క ముక్క మరో తేదీది కావచ్చు. ఎడమవైపు కాలవ నిండుగా, కుడివైపు అదే కాలవ ఎండిపోయి కనిపిస్తే అది భూమి తేడా కాదు, తేదీల తేడా.

చాలా చిత్రాలు చూసి సగటు తీస్తే సరిపోతుందని అనిపిస్తుంది. ఇక్కడే అసలు మెలిక ఉంది. సెంటినెల్-2 లాంటి ఉపగ్రహాలు సూర్యుడితో వేళ కలిపి తిరుగుతాయి, ఏ రోజు వచ్చినా స్థానిక సౌరకాలం ప్రకారం ఉదయం దాదాపు పదిన్నరకే వస్తాయి. పౌర్ణమి, అమావాస్యల్లో వచ్చే పెద్ద పోటు కూడా ఒక తీరంలో ఎప్పుడూ ఇంచుమించు ఒకే గంటకి వస్తుంది, ఎందుకంటే ఆ రోజుల్లో సూర్యచంద్రులు ఒకే వరసలో ఉంటారు. ఈ రెండూ కలిస్తే, పెద్ద పోట్ల రోజుల్లో ఉపగ్రహం ఎన్నేళ్లు తిరిగినా ఇంచుమించు ఒకే మట్టంలో ఉన్న నీళ్లనే చూస్తుంది. ఆ గంటకి నీళ్లు ఎత్తులో ఉంటే, పెద్ద పాటు నాడు బయటపడే అట్టడుగు బురద ఎన్ని వందల చిత్రాలు పేర్చినా దొరకదు. అందుకని ఖురంలో చిత్రం కంటే ముందు చేతిలో ఉండాల్సింది పోటుపాట్ల పట్టిక. ప్రతి చిత్రం తేదీ, గంట పక్కన ఆ వేళ నీటి మట్టం రాసుకున్నాకే బురద హద్దు గీయాలి.

తర్వాతది చిత్రం ముతకతనం. సెంటినెల్-2లో ఒక చుక్క నేల మీద పది మీటర్ల చదరం. ఆ లెక్కన ఖురం మడ మొత్తం సుమారు 10,700 చుక్కలు. ఒక ఊరి గురించి చెప్పడానికి అవి చాలు, కొంగ నిలబడే రెండు మీటర్ల పాయ గురించి చెప్పడానికి చాలవు. చెట్ల ఎత్తుని నీడ పొడవుతో కొలవచ్చన్నది విమాన ఛాయాచిత్రాల కాలం నాటి మంచి చిట్కా. ఖురం ఉన్న 23.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో డిసెంబరు చివర పదిన్నరకి సూర్యుడు దిగంతం నుంచి 38 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఐదు మీటర్ల మడచెట్టు నీడ అప్పుడు ఆరు మీటర్లు దాటుతుంది. జూన్ చివర సూర్యుడు దాదాపు 69 డిగ్రీలెక్కుతాడు, అదే చెట్టు నీడ రెండు మీటర్ల లోపే. అంటే నీడ ఎప్పుడూ ఒక్క చుక్కలోపే ఇంకిపోతుంది. ఈ చిట్కాకి మీటరు కంటే సన్నటి చిత్రం కావాలి, అదీ చలికాలంలో తీసింది కావాలి.

పచ్చదనం సూచికలతో మరో పొరపాటు సులువుగా జరుగుతుంది. ఎడారి నగరంలో పచ్చగా ఉన్నదంతా అడవే అనిపిస్తుంది. ఖురం పార్కు పచ్చికా, రోడ్డు పక్క నీళ్లు పెట్టి పెంచే చెట్లూ, మడలూ ఎన్‌డీవీఐ లెక్కలో పక్కపక్క అంకెలుగానే వస్తాయి. మడ అడుగున తడి నేల ఉంటుంది కాబట్టి షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ పట్టీ కూడా కలిపి చూస్తే తేడా కొంత తెలుస్తుంది. అయినా మడ అడుగు భాగం ఏ చిత్రంలోనూ కనబడదు. తెల్లమడ చుట్టూ పెన్సిళ్లలా నిటారుగా లేచిన శ్వాసవేర్లు వందలకొద్దీ ఉంటాయి. వాటి మధ్య పీతల బొరియలు, అడుగేస్తే చీలమండ దాకా దిగే బురద. పైనుంచి చక్కటి ఖాళీ జాగాలా కనిపించిన చోట మంచె నాలుగు కాళ్లు దింపడమంటే ఆ చెట్లు ఊపిరి తీసుకునే వేర్లని తొక్కడమే. ఈ ఒక్క కారణంతోనే మడ లోపల మంచె ప్రతిపాదన దేన్నైనా, చిత్రం ఎంత ఊరించినా, పక్కన పెట్టాలని నా అభిప్రాయం.

ఎత్తుల పటం ఇక్కడ ఇంకా నిస్సహాయం. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఎత్తులు 30 మీటర్ల గళ్లలో ఉచితంగా దొరుకుతాయి. ఖురంలో అవి పన్నెండు వందల గళ్లకి మించవు. వాటిలో పొరపాటు కొన్ని మీటర్లదాకా ఉంటుంది. మడ అడవిలో గట్టుకీ బురదకీ తేడాయే మీటరో రెండో. ఈ అంకెలతో ఎక్కణ్నుంచి ఏం కనబడుతుందో గణించి రంగులేసిన పటం అందంగా ఉంటుంది, అంతే.

పటం తడుముకోకుండా చెప్పగలిగింది మాత్రం వెలుగు దిక్కు. ఖురంలో సముద్రం ఉత్తరాన, నగరం దక్షిణాన. చలికాలంలో, అంటే వలస పక్షులు వచ్చే నెలల్లో, మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 43 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. తీరం రోడ్డు మీద నిలబడి మడల వైపు చూస్తే ఎండ ముఖాన కొడుతుంది, పక్షులు నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి. నగరం వైపు అంచున నిలబడితే ఎండ వీపు మీద పడుతుంది, ఈకల రంగు తెలుస్తుంది. వాహనాలకీ జనానికీ పక్షులు అలవాటుపడిన అంచు కూడా అదే. దక్షిణపు అంచున, ఉన్న రోడ్డుని ఆనుకుని, చెట్ల తలల మీదుగా చూసేంత ఎత్తులో ఒక వేదిక అన్నది పటాల ఆధారంగా నేను ధైర్యంగా చెప్పగలిగిన ఒకే ఒక్క సూచన. అదీ ఒమన్ పర్యావరణ అథారిటీ ఒప్పుకుంటేనే.

పాత చిత్రాల్ని నమ్మడంలో జాగ్రత్త గురించి ఖురం చరిత్రే చెబుతుంది. 2007 జూన్‌లో గోను తుపాను నాటి వరద ఖురం వీధుల్ని ముంచేసింది. కొండల నుంచి దిగే వాదీలు (ఎండు వాగులు) సముద్రంలో కలిసేది ఇలాంటి పల్లపు నేలల మీదుగానే. 2010లో ఫెట్, 2021లో షాహీన్ వచ్చాయి. ఒక్కో వరద తెచ్చే మట్టితో పాయలు దారి మార్చుకుంటాయి, కనక తుపానుకి ముందు తీసిన చిత్రాన్ని నేటి పటంగా వాడకూడదు. వేరే ప్రశ్నకైతే అదే పాత చిత్రం బంగారం. 1995లో అమెరికా రహస్య ముద్ర తీసేసిన కరోనా గూఢచారి ఉపగ్రహ చిత్రాల్లో 1960ల నాటి అరేబియా తీరాలు, నగరాలు మింగకముందు ఎలా ఉన్నాయో చూడొచ్చు. చోటు ఎంచుకోవడం ఇక్కడ కొత్త పని కాదు: పక్కనే ఉన్న రాస్ అల్ హమ్రా గుట్ట మీద ఇటాలియన్ పురావస్తు బృందాలు తవ్విన గవ్వల దిబ్బలు ఆరేడు వేల ఏళ్ల కిందటి మనుషులవి. వాళ్లు చేపలతోపాటు ఈ మడల్లో దొరికే నత్తల్ని తిని, పెంకులు అక్కడే పారేశారు. మడలకి దగ్గరగా, వరదకి అందనంత ఎత్తులో, సముద్రం కనబడే చోట వాళ్ల మకాం.

ఖురం దాటి ఒమన్ కొండలు, మైదానాలకి వెళితే గాలి సంగతీ చూడాలి, అది పక్షుల కంటే గజెల్, తహర్‌ల విషయంలో ముఖ్యం. పక్షి చూసి బెదురుతుంది, గజెల్ వాసన కూడా పసిగడుతుంది. మస్కట్ తీరంలో పగలు గాలి సముద్రం నుంచి లోపలికి, రాత్రి కొండల నుంచి సముద్రం వైపు వీస్తుంది. వాలుల్లో పగలు పైకి, పొద్దు గూకాక కిందికి. పొద్దున అనువైన మంచె సాయంత్రానికి మన వాసనని నేరుగా జంతువు ముక్కులో పోస్తుంది. ఎత్తుల పటానికొస్తే, తహర్ తిరిగే నిలువు చరియల్ని 30 మీటర్ల గడి సాఫు చేసి, నున్నటి వాలుగా చూపిస్తుంది. అల్ కామిల్ వల్ వాఫీ దగ్గర సలీల్ మైదానంలో పరిస్థితి మెరుగు. అక్కడ సన్నటి చిత్రంలో ఒక్కో తుమ్మచెట్టూ విడిగా లెక్కకొస్తుంది, గజెల్ మధ్యాహ్నం పడుకునేది ఆ నీడలోనే. వేలకొద్దీ నీడల్లో ఏ నీడన్నది మళ్లీ కాళ్లే తేల్చాలి. తేల్చాక ఆ చోటుని అచ్చు వేయకపోవడం మంచిది. ఒమన్‌లో 1996 నాటికి 450 దాకా పెరిగిన ఓరిక్స్ మంద దొంగవేటతో 2007కి 65కి పడిపోయింది. ఆ ఏడాదే వాటి అభయారణ్యం ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగింది. జంతువు దొరికే చోటుని చూపే పటం ఎవరి చేతిలో పడితే వాళ్లకి పనిచేస్తుంది.

ఖురంలో ఈ వాదనల్ని పరీక్షించడం పెద్ద ఖర్చు కాదు. బయటి దారుల మీదే ఆరు చోట్లు తీసుకోవాలి. మూడు పటం చూసి ఎంచినవి, మూడు చీటీలు తీసి వచ్చినవి. ఏ చోటు ఏ రకమో లెక్కపెట్టేవాళ్లకి చెప్పకూడదు. ఒక్కో చోట పాటు వేళా పోటు వేళా సమానంగా కూర్చోవాలి, పొద్దునా సాయంత్రమూ మార్చుకోవాలి, ఒక్క పక్షీ కనిపించని గంట కూడా సున్నా అని కాగితం మీదకెక్కాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అలా చేస్తే పోలిక మొదలవుతుంది. పటం ఎంచిన మూడూ చీటీల మూడింటి కంటే మెరుగ్గా లేవని తేలితే, చోటు ఎంపికకి పటం పెద్దగా అక్కరకు రాదని ఒప్పుకోవాలి. అప్పటికి దాని పని ఎండ ఎటు పడుతుందో, ఏ దారిన నడవాలో, ఎక్కడ అడుగు పెట్టకూడదో చెప్పడం వరకే.