మణికట్టు మీద లెక్క

1980ల్లో గల్ఫ్ నుంచి సెలవుకు ఊరెళ్లేవాళ్ల పెట్టెల్లో టేప్‌రికార్డరు, సెంటు సీసాలతో పాటు క్యాసియో వాచీలు ఉండేవని మన పెద్దవాళ్లు చెబుతుంటారు. వాటిలో చిన్న చిన్న బటన్లున్న కాలిక్యులేటర్ వాచీ అంటే మరీ మోజు. కువైట్‌లో మా క్యాంపులో నలుగురం కలిసి ఆ పాత వాచీలను కొన్నేళ్లుగా పోగుచేస్తున్నాం. వాటి కథ మనందరికీ తెలియాల్సిందే అనిపించి ఇది రాస్తున్నాం.

మొదట్లో ఇది కూలి చేసుకునేవాళ్ల వస్తువు కానే కాదు. 1972లో అమెరికాలోని హామిల్టన్ కంపెనీ ముళ్లు లేని పల్సర్ వాచీని బంగారు కేసుతో 2,100 డాలర్లకు అమ్మింది. 1975లో పల్సర్‌కే కాలిక్యులేటర్ చేర్చారు. దాని బంగారు మోడల్ ధర 3,950 డాలర్లు! 1977లో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ హెచ్‌పీ-01 తెచ్చింది. దానికి 28 బటన్లు. చాలావాటికి వేలు పట్టదు, అందుకే నొక్కడానికి పట్టీ కొక్కెంలోనే ఓ చిన్న పుల్ల పెట్టి ఇచ్చారు. వీటిలో ఎర్రగా వెలిగే ఎల్‌ఈడీ అంకెలు బ్యాటరీని తినేసేవి. అందుకని బటన్ నొక్కితేనే టైము కనబడేది.

దారి మార్చింది ఎల్‌సీడీ తెర. అది తనంతట తాను వెలగదు, బయటి వెలుతురుతోనే అంకెలు చూపిస్తుంది. కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది. 1957లో బల్లంత కాలిక్యులేటర్ చేసిన జపాన్ క్యాసియో, 1974లో వాచీల్లోకి దిగింది. 1980లో సీ-80 వాచీ తెచ్చింది. ప్లాస్టిక్ కేసు, వేలితోనే నొక్కే బటన్లు. ఆ తర్వాత వచ్చిన సీఏ-53 ఇప్పటికీ షాపుల్లో దొరుకుతుంది. బంగారంతో మొదలైన వస్తువు ప్లాస్టిక్‌లోకి మారాకే మనదాకా వచ్చింది.

శుక్రవారం సంతలో పాతది కొనేటప్పుడు మేము మూడు చూస్తాం. వెనక మూత తీయించి బ్యాటరీ కారిందా, కాంటాక్టులకు కిలుము పట్టిందా అని చూస్తాం. తెర నిండా 8 అంకె కొట్టి అన్ని గీతలూ వస్తున్నాయా అని చూస్తాం. తర్వాత ఒక్కో బటన్ నొక్కి చూస్తాం. వాడకుండా దాచేదైతే బ్యాటరీ తీసి దాచాలి.

ఫోన్ ఉండగా ఇదెందుకని అడుగుతారు. పని మధ్యలో ఫోన్ బయటకు తీయనివ్వని సైట్లు ఉన్నాయి కదా. ఇక్కడి 2010 కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైము గంటకు మామూలు గంట కూలి మీద 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. గంటకు 500 ఫిల్సులైతే ఓవర్‌టైముకు 625. నెలలో 26 గంటలు చేస్తే 16 దినార్ల 250 ఫిల్సులు రావాలి. మామూలు రేటే కట్టి 13 దినార్లు చేతిలో పెడితే, లెక్క వేసుకోనివాడికి తేడా తెలియదు. 3 దినార్ల 250 ఫిల్సులు అంటే మన ఇంట్లో చిన్న మొత్తం కాదు.

అందుకే మా దగ్గరున్న వాటిలో బాగా నడిచేవి పెట్టెలో దాచడం లేదు, చేతికి పెట్టుకునే సైటుకు వెళ్తున్నాం. మీరు ఏ వాచీ పెట్టుకున్నా సరే, ఏ రోజు గంటలు ఆ రోజే రాసుకోండి. జీతం చేతికి రాకముందే మీ లెక్క మీరు వేసుకోండి.