పేరులో మిగిలిన తోట

కౌలాలంపూర్ పక్కనే ఉన్న సుబాంగ్ జయలో ఒక బడి ఉంది. చుట్టూ వరసగా ఒకదానికొకటి అంటుకున్న ఇళ్ళు, ఇంటిముందు రెండేసి కార్లు, కాస్త దూరంలో పెద్ద పెద్ద అంగళ్ళు. బడి గోడ మీది మలయ్ పేరును తెలుగులో చెప్పుకుంటే "సీఫీల్డ్ తోట తమిళ ప్రాథమిక పాఠశాల" అవుతుంది. 'లడాంగ్' అంటే తోట. తోట ఏదీ? కనుచూపు మేరలో ఒక్క రబ్బరు చెట్టు కూడా లేదు. బుకిట్ జలీల్‌లోనూ ఇంతే. 1998 కామన్వెల్త్ క్రీడలు జరిగిన స్టేడియం ఉన్నచోట, దాని పక్కనే, మరో 'లడాంగ్' బడి. బండార్ ఉతామలో ఎఫింగ్‌హామ్ అనే పాత ఎస్టేటు పేరు బడి బోర్డు మీద మాత్రమే బతికి ఉంది. మన ఊళ్ళలో చెరువు పూడ్చి ఇళ్ళు కట్టి, దానికి చెరువుగట్టు కాలనీ అని పేరు పెట్టుకోమూ, అలాగన్నమాట.

ఈ దేశంలో తమిళులకు కనీసం పేరయినా మిగిలింది. తోటల్లో ఒకప్పుడు తెలుగు బడులు కూడా ఉండేవి. వాటికి ఆ బోర్డు కూడా మిగల్లేదు. సైబర్‌జయకు కంప్యూటర్ ఉద్యోగం మీద వచ్చిన నాకు ఈ సంగతి తెలియడానికి చాలా ఏళ్ళే పట్టింది. మా ఆఫీసు కట్టింది కూడా తోటల నేల మీదేనని తెలియడానికి ఇంకొంత కాలం పట్టింది.

మనవాళ్ళు మలయాకు ఎక్కువగా ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళారు. అప్పటి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి, కొంతమంది గోదావరి జిల్లాల నుంచి, చిత్తూరు వైపు నుంచి. బర్మా వెళ్ళినవాళ్ళతో పోలిస్తే వీళ్ళు తక్కువే. కంగాణి ఊళ్ళోకొచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి, పదిమందిని పోగుచేసుకుని ఓడ ఎక్కించేవాడు. 1921 జనాభా లెక్కల్లో మలయాలో తెలుగువాళ్ళు దాదాపు 40 వేలమంది ఉన్నారు. ఆ తర్వాత రబ్బరు ధర పడిపోయింది, తోటలు చాలామందిని తిప్పి పంపేశాయి. 1938లో భారత ప్రభుత్వం ఈ కూలీల ఎగుమతినే ఆపేసింది. ఆపైన జపాను వాళ్ళ రోజులు, సయాం రైలు మార్గం చావులు. యుద్ధం ముగిసేసరికి మన సంఖ్య బాగా తగ్గిపోయింది.

తోటల్లో బడి ఎలా పుట్టిందో చెప్పుకోవాలి. అది దొరలు దయతలిచి ఇచ్చింది కాదు. 1923 నాటి కార్మిక చట్టం ప్రకారం ఒక తోటలో ఒకే జాతికి చెందిన ఏడు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు పదిమంది ఉంటే యజమాని అక్కడ బడి పెట్టాల్సి వచ్చేది. పెట్టారు కూడా. ఎలాంటి బడి అన్నది చట్టం పెద్దగా పట్టించుకోలేదు. కొన్నిచోట్ల కూలీల లైన్ల చివరిగది, కొన్నిచోట్ల రేకుల పాక. ఆఫీసులో లెక్కలు రాసే కిరాణీయే పని అయ్యాక పంతులు. ఒక్కడే అయ్యవారు, అన్ని తరగతులకీ ఒకటే గది. తల్లీ తండ్రీ ఇద్దరూ చీకటితోనే పనిలోకి వెళ్ళాలంటే పిల్లల్ని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి కదా. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఆ పిల్లాడి చేతికి కూడా పాలుగీసే కత్తి వచ్చేది. తెలుగు పిల్లలు పదిమంది ఉన్న తోటలో తెలుగు బడి, లేనిచోట తమిళ బడి. చాలామంది తెలుగు పిల్లలు తమిళంలో చదవడం అప్పుడే మొదలయింది. ప్రభుత్వం లెక్కలకు మాత్రం అన్నీ 'ఇండియన్ స్కూళ్ళే.' అందుకే ఇవాళ తెలుగు బడుల చరిత్ర రాద్దామని కూర్చున్నవాడికి మొదటి చిక్కు ఆ ఒక్క మాటతోనే వస్తుంది.

ఇక బడుల మూత. అది ఒక్క ఉత్తర్వుతో జరగలేదు. ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగైదు కారణాలు వచ్చిపడ్డాయి.

మొదటిది తోటల ముక్కలు. 1957లో స్వాతంత్ర్యం రావడానికి కొంచెం ముందు, తర్వాత, భయపడ్డ ఇంగ్లీషు కంపెనీలు కొన్ని తోటల్ని అమ్ముకున్నాయి. కొన్న వ్యాపారులు వాటిని చిన్నచిన్న ముక్కలు చేసి మళ్ళీ అమ్మారు. వెయ్యి ఎకరాల యజమానికి ఆస్పత్రి, బడి, ఇళ్ళు చూడాల్సిన బాధ్యత ఉంటుంది. పది ఎకరాలు కొన్నవాడికి ఏముంటుంది? బడి ఎవరి ముక్కలో పడిందో వాడు దాన్ని గోదాము చేసుకున్నా అడిగే దిక్కు లేదు. పని కూడా పోయింది, పనితోపాటు లైనులో ఇల్లు కూడా.

రెండోది చదువుల చట్టం. 1956 నాటి రజాక్ నివేదిక, దాని వెనక వచ్చిన 1957, 1961 చట్టాలు తమిళ, చైనీస్ ప్రాథమిక పాఠశాలల్ని దేశ విద్యావిధానంలోకి తీసుకున్నాయి. తెలుగు ఊసు వాటిలో లేదు. పదిహేనుమంది పిల్లల తల్లిదండ్రులు అడిగితే వాళ్ళ భాషను ఒక పాఠంగా చెప్పించవచ్చునని ఒక వెసులుబాటు ఉంది. పదిహేనుమంది ఒకేచోట ఉండాలి, పంతులు దొరకాలి. ఒక తోటలో ఎనిమిదిమంది, పక్క తోటలో ఆరుగురు ఉంటే వెసులుబాటు ఎవరికీ వెసులుబాటు కాదు.

1969లో పౌరసత్వం లేనివాళ్ళకు వర్క్ పర్మిట్ తప్పనిసరి చేశారు. దశాబ్దాలుగా ఉంటూ కాగితాలు తీసుకోనివాళ్ళు వేలమంది ఇండియాకు తిరిగి వచ్చేశారు. తర్వాత రబ్బరు పోయి పామాయిలు వచ్చింది. దీనికి కూలీలు తక్కువ చాలు. ఆ తక్కువ మందిని కూడా ఇండొనీషియా నుంచి, బంగ్లాదేశ్ నుంచి తెచ్చుకున్నారు. పరాయిదేశం కూలీ పెళ్ళాంబిడ్డల్ని వెంట తెచ్చుకోవడానికి వీల్లేదు. అంటే తోటలో పని ఉంది, పనివాడు ఉన్నాడు, బడికెళ్ళే పిల్లాడు మాత్రం లేడు!

అన్నిటికంటే బలమైన కారణం నేల ఎవరిదన్నది. తోటల బడి నిలబడ్డ నేల కంపెనీది. ప్రైవేటు నేల మీద ఉన్న బడికి ప్రభుత్వం పూర్తి నిధులివ్వదు, జీతాలిచ్చి సరిపెడుతుంది. గోడ పడిపోతే కట్టించేవాడు లేడు. స్వాతంత్ర్యం వచ్చిననాటికి 888 ఉన్న తమిళ బడులు 2000 నాటికి 520 పైచిలుకుకు వచ్చాయంటే దీని పాత్ర చాలా ఉంది. మిగిలినవాటిలో కొన్ని, తోట ఖాళీ అయినప్పుడు, తమ అనుమతి పత్రాన్ని పట్టుకుని పట్నం కాలనీల్లోకి మారాయి. పాత పేరు మోసుకుంటూ వెళ్ళాయి. అందుకే సుబాంగ్ జయలో ఆ బోర్డు. ఇలా మారడానికి అడిగే నోరు కావాలి. తమిళులకు పార్టీ ఉంది, పత్రికలున్నాయి, ఓట్లున్నాయి. మనకు 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడింది. అదే నేటి మలేషియా తెలుగు సంఘం. గుళ్ళలోనూ హాళ్ళలోనూ ఆదివారం పూట అక్షరాలు దిద్దించి భాషను ఇంతకాలం లాక్కొచ్చిన ఘనత అక్కడి పెద్దలది. కానీ ఆదివారం తరగతి వేరు, ఊళ్ళో బడి ఉండడం వేరు.

ఇళ్ళ సంగతికి వస్తాను. తోటల్లో కూలీకి ఇల్లు ఉద్యోగంతో కట్టేసిన వస్తువు. నలభై ఏళ్ళు పనిచేసినా ఆ గది తనది కాదు. 1970లలో కూలీలకు సొంత ఇళ్ళు కట్టించే పథకం ఒకటి వచ్చింది, అమలు చేసిన తోటలు కొద్ది. 1990లలో రాజధాని చుట్టుపక్కల నేల ధర పెరిగింది. పామాయిలు గెలల కన్నా ప్లాట్లు ఎక్కువ కాస్తున్నాయని కంపెనీలకు అర్థమయింది. తోటలు టౌన్‌షిప్పులయ్యాయి.

పుత్రజయ కథ అందరికీ తెలిసిందే అనుకుంటాం, ఒక సగం తెలుసు. 1995లో కట్టడం మొదలుపెట్టిన ఆ పాలనా రాజధాని ఉన్నచోట పెరాంగ్ బెసార్ అనే రబ్బరు తోట ఉండేది. ఆ పేరుకు 'మహాయుద్ధం' అని అర్థం. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన ఇంగ్లీషు సైనికులు 1921లో వేసిన తోట అది. అక్కడ తయారైన పి.బి. 86 అనే రబ్బరు రకాన్ని కేరళలో కూడా వేశారు. ఆ తోటలోనూ, చుట్టుపక్కల మరికొన్ని తోటల్లోనూ ఉన్న కూలీల కుటుంబాలు సుమారు 400, ఎక్కువమంది తమిళులే, దెంకిల్‌లోని తక్కువ ఖర్చు ఫ్లాట్లకు తరలివెళ్ళాయి. గోడలు బీటలిచ్చాయి. నేల మీద సొంత ఇళ్ళు ఇస్తామన్న మాట కోసం ఆ కుటుంబాలు 20 ఏళ్ళకు పైగా ఎదురుచూశాయి. కొత్త రాజధానిలో సరస్సు, వంతెనలు, మసీదు చూడ్డానికి మన చుట్టాలు వస్తే నేనే ఎన్నోసార్లు తీసుకెళ్ళాను. దెంకిల్ అక్కడికి దగ్గరే. ఒక్కసారీ అటు తిప్పలేదు.

అమరావతి మాటల్లో పుత్రజయ పేరు తరచూ వినపడింది. ఎంతో బాగా కట్టారని. 2015లో 29 గ్రామాల్లో నేల సమీకరించినప్పుడు, నేల ఇచ్చిన రైతుకు అభివృద్ధి చేసిన ప్లాటు, నేల లేని కూలీ కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. పుత్రజయలో కూలీకి అదీ లేదు కాబట్టి మనది మెరుగే అనొచ్చు. కానీ నేల ఉన్నవాడికి నేల, లేనివాడికి నెలజీతం లాంటిది అన్న లెక్క మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఒక మాట ఒప్పుకోవాలి. బడులు మూసిన ప్రతిచోటా జనం గుండెలు బాదుకోలేదు. 2022 డిసెంబరులో దిగువ పేరాక్‌లోని బాగన్ డత్తో వైపు వెళ్ళాను. కొబ్బరి తోటల ప్రాంతం, తెలుగువాళ్ళు గుంపుగా మిగిలిన చోటు. డెబ్భై దాటిన ఒక పెద్దాయన పరిచయమయ్యారు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట. ఆయన రెండో తరగతిలో ఉండగా తోట ముక్కలై అమ్ముడుపోయింది.

"బడి ఎత్తేసినారు బాబూ. అయ్యోరు ఎల్లిపోనాడు. మా అయ్య ఏటీ ఏడవనేదు. ఈ బడిలో సదివితే మల్లీ ఈ తోటలోనే కదా అన్నాడు."

"మరి మీరు వేరే బడికి వెళ్ళారా తాతా?"

"అరవ బడి నాలుగు మైళ్ళు. ఎవుడెల్తాడు? కొబ్బరికాయలు వొలవడానికి ఎల్నాను."

ఆ తండ్రి అన్నది నిజమే. తోట బడి నుంచి పైచదువుకు దారి లేదు. మలయ్, ఇంగ్లీషు చదివితేనే పిల్లలు బయటపడతారని తెలుగు తల్లిదండ్రులు చాలామంది తామే నిర్ణయించుకున్నారు. ఆయన మనవరాలు ఇపోలో నర్సు. అయితే ఆ దారి దొరకని పిల్లలకు తోట బడి పోయాక ఏ బడీ మిగల్లేదు, ఈయనలాగ. రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టుకోవడమే తప్ప ఒకదానితో ఒకటి కొట్టేయడం నాకు చేతకాలేదు.

నా నోటుబుక్కు అడిగి తీసుకుని ఆయన అక్షరాలు రాసి చూపించారు. అ నుంచి ఱ దాకా, గుడులు, కొమ్ములు కూడా. వత్తులు చెప్పేలోగా అయ్యవారు వెళ్ళిపోయారు. అందుకని అమ్మ అన్న మాటను 'అమమ' అని రాస్తారు.

బయల్దేరుతుంటే ఆయన నన్నొకటి అడిగారు. నేనూ శ్రీకాకుళం జిల్లావాణ్ణేనని చెప్పాను కదా, మా ఊళ్ళో బడి ఉందా అని. ఉందన్నాను. ఎంతదాకా అన్నారు. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఊళ్ళ ప్రాథమిక బడుల నుంచి 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్ళలో కలిపేశారు. మాదీ వాటిలో ఒకటి.

"ఇప్పుడు రెండో తరగతి దాకానే, తాతా."

పెద్దాయన గట్టిగా నవ్వారు. "అయితే నాకాడికే" అన్నారు.