సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులయందు అజోల్ ఔషధ నిరోధము: దాని పుట్టుచోటును గూర్చిన విచారణ

సిస్టిక్ ఫైబ్రోసిస్ వ్యాధితో జన్మించిన వారియందు, 1989లో శాస్త్రజ్ఞులు గుర్తించిన సి.ఎఫ్.టి.ఆర్. అను జన్యువు దోషయుక్తమగుటచేత, కణములలో క్లోరైడు రాకపోకలు చెడి, శ్వాసమార్గమునందలి శ్లేష్మము నీరింకి చిక్కనై, దానిని పైకి నెట్టవలసిన శైలికలు ఆ బరువున కోర్వజాలక నిలిచిపోవును. ఆరోగ్యవంతులు ప్రతిదినము పీల్చి, తెలియకయే వెలికి పంపివేయు బూజు బీజములు అచ్చట చిక్కుకొని మొలకెత్తును. వీనిలో ప్రధానమైనది ఆస్పెర్జిల్లస్ ఫ్యూమిగేటస్. రెండు మూడు మైక్రోమీటర్ల పరిమాణము గల దాని బీజములు ఊపిరితిత్తుల లోతులదాక చేరుటయేగాక, కొందరు రోగులలో తీవ్రమైన అలెర్జీని రేకెత్తించి, ఉన్న శ్వాసశక్తిని సయితము క్షీణింపజేయును.

ఈ బూజును అణచుటకు వైద్యులు మాసముల తరబడి వాడునవి అజోల్ మందులు: ఇట్రాకొనజోల్, వోరికొనజోల్, పోసకొనజోల్. శిలీంధ్రకణపు పొరకు ఆధారమగు ఎర్గోస్టెరాల్ తయారు కాకుండ ఇవి అడ్డుకొనును. ఆ తయారీని నడపు ఎంజైమునకు మూలమైన సి.వై.పి.51ఎ జన్యువు మారినచో మందు పట్టు తప్పును. దీర్ఘచికిత్సవలన రోగి దేహమునందే ఇట్టి మార్పు కలుగునని వైద్యలోకము చాలకాలము తలచినది. అట్లు కలుగుటయు సత్యమే. అయితే 2007, 2008 సంవత్సరములలో నెదర్లాండ్సులోని నైమేఖన్ నగర పరిశోధకులు వెల్లడించిన సంగతి ఈ తలంపును కదిలించినది. పరస్పర సంబంధము లేని రోగులనుండి సేకరించిన నిరోధక శిలీంధ్రములలో అధికభాగము ఒకే మార్పును ధరించియున్నవి; వారిలో కొందరు అంతకుముందు అజోల్ మందు నెరుగనివారు. టి.ఆర్.34/ఎల్98హెచ్ అని పేరొందిన ఆ మార్పు తరువాత మట్టిలోను, కుళ్ళుచున్న తోటచెత్తలోను కనబడినది. ట్యూలిప్ దుంపల వ్యర్థముల గుట్టలను తలచుకొనుడు: లోపలి వేడి ఇతర బూజుల నణచును, ఫ్యూమిగేటస్‌ను పెంచును, దుంపలపై చల్లిన టెబ్యుకొనజోల్ వంటి అజోల్ పంటమందుల శేషము అచ్చటనే నిలిచియుండును. పంటమందును వైద్యుని మందును ఆ ఎంజైమును ఒకే రీతిగా పట్టునవి గనుక, ఒకదానిని జయించిన బీజము రెండవదానికిని లొంగదు. 2012లో ఢిల్లీలోని వల్లభభాయి పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మన దేశపు మట్టిలో సయితము ఇదే మార్పును కనుగొనిరి. వరిలో పాముపొడ తెగులునకు హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ చల్లు మన రైతులకును ఇది పరాయి విషయము కాదు.

ప్రయోగశాలలో ఈ నిరోధమును పసిగట్టు విధము సరళమైనది. నాలుగు గుంటల పలకలో మూడింటిలో ఒక్కొక్క అజోల్ మందు కలిపిన అగార్, నాలుగవదానిలో మందులేని అగార్ ఉండును. మందున్న గుంటలో బూజు మొలిచినచో అనుమానము కలుగును. ఇచ్చట ఒక మెలకువ ఆవశ్యకము. ఒకే రోగి కఫమునందు మందుకు లొంగునవి, లొంగనివి కలిసియుండవచ్చును. ఒక్క కాలనీని మాత్రమే తీసి పరీక్షించి నిశ్చింతగా ఉండుట, నా దృష్టిలో, రోగికి చేయు అన్యాయమే. మందు పనిచేయకపోవుటకు నిరోధమొక్కటే కారణము కాకపోవచ్చును: ఇట్రాకొనజోల్ గుళికలు రక్తములో చేరుటకు జీర్ణాశయపు ఆమ్లము కావలెను. ఈ రోగులలో అనేకులు ఆమ్లమును తగ్గించు మందులు వాడుదురు. అందుచేత రక్తములో మందు పరిమాణమును కొలువక, నిరోధమును మాత్రమే నిందించుట తగదు. మరియు సి.ఎఫ్.టి.ఆర్. దోషమును సవరించుటకై 2019లో అమెరికాలో అనుమతి పొందిన ఎలెక్సాకాఫ్టర్ సంయోగమును కాలేయమునందు విచ్ఛిన్నము చేయు ఎంజైమును అజోల్ మందు లడ్డగించును గనుక, ఆ సంయోగపు మోతాదును తగ్గించి ఈయవలెను.

ఆస్పెర్జిల్లస్ అట్లుండగా, లోమెంటోస్పోరా ప్రోలిఫికాన్స్ వంటి బూజులు పుట్టుకతోనే దాదాపు అన్ని మందులకును లొంగనివి. వానిపై పనిచేయగలదని ఆశ కల్పించినది ఓలోరోఫిమ్ అను కొత్త మందు. ఇది అజోల్ మార్గమును విడిచి, శిలీంధ్రము పిరిమిడీనులను తయారుచేయు వేరొక ఎంజైమును పట్టును. అయితే అదే ఎంజైముపై పనిచేయు ఇప్‌ఫ్లుఫెనోక్విన్ అను పంటమందు 2022లో అమెరికాలో నమోదైనది. దానికి లొంగని ఫ్యూమిగేటస్ ఓలోరోఫిమ్‌నకును లొంగకపోవుటను పరిశోధకులు ప్రయోగశాలలో ఇప్పటికే చూచియున్నారు. ఇక పంటమందులకు అనుమతి నొసగువారు, మానవ ఔషధములను పరీక్షించువారు, నిర్ణయము వెలువడకముందే ఒకచోట కూర్చుండి మాటాడుకొనవలసియున్నది.