పరిచయానికి వెల: బ్రిటన్‌లో ఆన్‌లైన్ ఇంటి అమ్మకం పుట్టుపూర్వోత్తరాలు

ఇల్లు అమ్మిపెట్టే మధ్యవర్తిని ఇంగ్లండులో ‘ఎస్టేట్ ఏజెంట్’ అంటారు. ఈ పేరులోని ‘ఎస్టేటు’ ఒకప్పుడు నాలుగు గదుల ఇంటిని కాక వందల, వేల ఎకరాల జమీని సూచించేది. అటువంటి భూముల మీద కౌళ్లు వసూలు చేసి, లెక్కలు చూసి, ప్రభువు తరఫున వ్యవహారాలు నడిపిన ఏజెంట్లు మన సంస్థానాల దివాన్లకు దగ్గరివారే తప్ప నేటి బ్రోకర్లకు కారు. ఆస్తిని అమ్మవలసి వచ్చినప్పుడు ఆ పని ఎక్కువగా వేలంపాటదారుల చేతికి వెళ్లేది. 1918 నాటికి ఇంగ్లండు, వేల్సులలో సొంత ఇళ్లలో నివసించే కుటుంబాలు నాలుగో వంతుకు మించవు, మిగిలినవారంతా అద్దె ఇళ్లవారే కాబట్టి సామాన్యుడి ఇంటిని అమ్మిపెట్టడమనే వృత్తికి అప్పటికి పెద్దగా అవసరమే లేదు. సొంత ఇల్లు మధ్యతరగతికీ, తరువాత కార్మికులకూ అందుబాటులోకి వచ్చిన కొద్దీ, ప్రతి పట్టణపు ప్రధాన వీధిలో అద్దాల వెనుక ఇళ్ల ఫోటోలు వేలాడదీసిన ఏజెంటు దుకాణం వెలిసింది. స్కాట్లండు మాత్రం వేరే దారిన నడిచింది: అక్కడ దస్తావేజులు చూసే న్యాయవాదులే ఇళ్లు అమ్మిపెట్టేవారు, ఎడిన్‌బరోలో వారంతా కలిసి 1971లో ఉమ్మడి ప్రదర్శన కేంద్రాన్ని సైతం నెలకొల్పుకున్నారు.

ఏజెంటుకు ముట్టే ప్రతిఫలం ఇంటి ధరలో సాధారణంగా ఒకటి రెండు శాతం. అమ్మకం జరగకపోతే ఏమీ ముట్టదు. అయితే ఈ కమీషను కంటే పెద్ద లాభం మరొకటి ఉన్నదని 1980లలో బీమా సంస్థలూ, ‘బిల్డింగ్ సొసైటీ’లనబడే గృహరుణ సంఘాలూ భావించాయి. ఇల్లు కొనే మనిషికి అప్పు కావాలి, ఆ అప్పుకు తోడుగా బీమా కావాలి, కాబట్టి అతడు మొదట అడుగుపెట్టే దుకాణం తమదే కావాలన్న లెక్కతో ఆ సంస్థలు ఏజెంట్ల శాఖలను వందల సంఖ్యలో కొన్నాయి. దశాబ్దం చివర ఇళ్ల ధరలు కుప్పకూలడంతో ఆ లెక్క తప్పింది. ప్రుడెన్షియల్ సంస్థ తాను కొన్న శాఖలను భారీ నష్టానికి వదిలించుకున్నది. కానీ ఆ ఆలోచన చావలేదు.

ఈ వృత్తిని కట్టడి చేయడానికి 1979లో వచ్చిన ఎస్టేట్ ఏజెంట్ల చట్టం ఒక నిర్వచనాన్ని ఇచ్చింది, ఆన్‌లైన్ అమ్మకం కథలో సగం ఆ నిర్వచనం చుట్టూనే తిరుగుతుంది. దాని ప్రకారం ఏజెంటు లక్షణం ఇల్లు చూపించడంలోనో, బేరం తెగ్గొట్టడంలోనో లేదు, పరిచయంలో ఉన్నది: ఆస్తిని అమ్మదలచిన లేదా కొనదలచిన వ్యక్తి ఆదేశం మేరకు, అతడికి రెండో పక్షాన్ని పరిచయం చేసే ఉద్దేశంతో వ్యాపారరీత్యా ఏ పని చేసినా అది ఏజెంటు పనే. ప్రకటన ప్రచురించి, మరే పనీ చేయని వారికి, అంటే పత్రికల వంటివాటికి, మినహాయింపు లభించింది. ఇంటర్నెట్ ఊసు లేని కాలంలో ఈ గీత స్పష్టంగానే కనిపించింది.

2000లో ‘రైట్‌మూవ్’ అనే వెబ్‌సైటు మొదలైనప్పుడు దుకాణపు అద్దం తెర మీదికి మారింది. దానిని స్థాపించినవి ఆనాటి నాలుగు పెద్ద ఏజెన్సీ వ్యాపారాలు. వాటిలో రెండు గృహరుణ సంస్థ అయిన హాలిఫాక్స్‌కూ, బీమా సంస్థ అయిన రాయల్ అండ్ సన్ అలయన్స్‌కూ చెందినవి కావడం గమనించదగినది. ఏజెంట్ల సొత్తుగా పుట్టిన ఆ సైటు, సొంత ఇంటిని తానే అమ్ముకోదలచిన మనిషి ప్రకటనను తీసుకోలేదు. కొనేవాళ్లంతా అక్కడికే చేరుతున్నప్పుడు ఆ ద్వారం మూసి ఉండడమంటే సంతలో నిలబడే చోటు దొరకకపోవడమే. మరోవైపు 1990 చివరలో ఇంగ్లండు భూ రిజిస్టరును ఎవరైనా చూడవచ్చునన్న నియమం వచ్చింది. అమ్మకపు ధరలు సైతం తరువాత బహిరంగమయ్యాయి. 2008లో తెరుచుకున్న ‘జూప్లా’ ఆ ధరలను ఆధారం చేసుకొని ప్రతి ఇంటికీ ఒక అంచనా విలువను కట్టి చూపసాగింది. ఏ వీధిలో ఏ ఇల్లు ఎంతకు పోయిందో తనకే తెలుసునన్న ఏజెంటు గుట్టు దానితో రట్టయింది.

2007లో కిరాణా సరుకుల దిగ్గజం టెస్కో, కొద్దిపాటి స్థిర రుసుము తీసుకొని, యజమానులే తమ ఇళ్లను అమ్ముకునే ఆన్‌లైన్ సేవను ఆరంభించింది. అది కేవలం ప్రకటనల వేదిక కాదు, చట్టం దృష్టిలో ఏజెంటు పనేనని నియంత్రణాధికారులు భావించడంతో, ఏజెంటుకుండే బాధ్యతలన్నీ మెడకు చుట్టుకుంటాయని గ్రహించిన ఆ సంస్థ వెనక్కు తగ్గింది. బియ్యం, పాలు అమ్మే కంపెనీకి ‘పరిచయం’ అనే ఒక్క మాట అడ్డుపడడం చట్టాల చరిత్రలో చిన్న వింతే. 2013లో పార్లమెంటు ఆ నిర్వచనాన్ని సడలించి, ప్రకటనలు ఉంచడంతో పాటు ఇరుపక్షాలూ నేరుగా మాట్లాడుకునే వీలు మాత్రమే కల్పించే వేదికలను చట్టపరిధి నుంచి తప్పించింది. భారతదేశపు 2016 నాటి రెరా చట్టం ఏజెంటును నిర్వచిస్తూ ‘ఏ మాధ్యమం ద్వారానైనా’ పరిచయం చేసేవారినందరినీ కలుపుకోవడం ఇక్కడ పోల్చదగినది. అయితే ఏజెంటు నమోదు నిబంధన నమోదైన ప్రాజెక్టుల అమ్మకాలకే వర్తిస్తుంది కనుక హైదరాబాదులోనో విజయవాడలోనో పాత ఇంటి మారుబేరం చేసే బ్రోకరు చాలావరకు దానికి వెలుపలే ఉన్నాడు.

చట్టం దారి ఇచ్చినా రైట్‌మూవ్ ద్వారం తెరుచుకోలేదు. టెలివిజన్ వ్యాఖ్యాత సారా బీనీ 2009లో యజమానులే అమ్ముకునేందుకు ప్రారంభించిన ‘టెపిలో’ కొన్నేళ్లకు తానే ఆన్‌లైన్ ఏజెంటుగా మారింది, ఎందుకంటే ఏజెంటు అనిపించుకుంటేనే పెద్ద సైట్లలో చోటు. దీనిని బట్టి ఆన్‌లైన్ ఏజెంట్లు నిజంగా అమ్మిన సరుకేమిటో తెలుస్తుంది: మూసిన తలుపుకు తాళంచెవి. 2012లో మైకేల్, కెనీ బ్రూస్ సోదరులు స్థాపించి, 2014లో వ్యాపారం ఆరంభించిన ‘పర్పుల్‌బ్రిక్స్’ ఆ తాళంచెవికి అమ్మకంతో సంబంధం లేని స్థిర రుసుము పెట్టి, 2015 డిసెంబరులో షేర్లను మార్కెట్లోకి తెచ్చి, ఆస్ట్రేలియాకూ అమెరికాకూ విస్తరించి, 2019లో ఆ రెండు దేశాల నుంచీ వైదొలగుతున్నట్టు ప్రకటించింది.

ఈ పద్ధతిలోని లోపం ఆ స్థిర రుసుములోనే ఉన్నది. ఇంగ్లండులో ధర కుదిరిన తరువాత కూడా ఒప్పంద పత్రాలు మార్చుకునే దాకా, అంటే తరచు నెలల తరబడి, ఏ పక్షమైనా తప్పుకోవచ్చు. మన ప్రాంతంలో బయానా లేదా సంచకారం ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటే ఏర్పడే కట్టుబాటు అక్కడ ఆ దశలో ఉండదు. పైగా కొనేవాడు తన పాత ఇంటిని అమ్మితే గాని ఈ ఇంటిని కొనలేడు, ఆ పాత ఇంటిని కొనేవాడిదీ అదే స్థితి. ‘చెయిన్’ అని పిలిచే ఈ గొలుసులో ఒక లంకె తెగితే అన్నీ జారిపోతాయి. కమీషను కోసం కాచుకున్న ఏజెంటు ఆ నెలలన్నీ ఫోన్లు చేసి గొలుసును నిలబెడతాడు, ముందే డబ్బు ముట్టినవాడికి ఆ ఆరాటం ఉండవలసిన పని లేదు. చేతిలో సొమ్ము లేని యజమానికి పర్పుల్‌బ్రిక్స్ పది నెలల గడువు ఇచ్చేది, కాని అది ఒక రుణసంస్థ ద్వారా ఇచ్చే అప్పు. గడువు తీరితే ఇల్లు అమ్ముడుపోకపోయినా చెల్లించవలసిందే.

ఒకప్పుడు వంద కోట్ల పౌండ్లకు పైగా విలువ కట్టిన ఆ సంస్థ వ్యాపారాన్ని 2023లో ‘స్ట్రైక్’ అనే మరో ఆన్‌లైన్ ఏజెన్సీ ఒక్క పౌండుకు కొనుగోలు చేసింది. అప్పటికి స్ట్రైక్ ఇంటి యజమాని దగ్గర అమ్మకానికి రుసుము తీసుకునేది కాదు. గృహరుణం ఇప్పించడం, తత్సంబంధ సేవలు అందించడం ద్వారా తన ఆదాయం చూసుకునేది.